ఉల్లి లేని సీసా

శేషసాయి యాభై దాటాక వంట నేర్చుకున్నాడు. అదీ ఒకే ఒక్క వంట. ఉప్మాకు ఎసరు ఎంత పెట్టాలో ఇప్పటికీ తెలియదు గాని, జపాను వాళ్ళు యాకిసోబా అని పిలుచుకునే వేయించిన నూడుల్స్ మాత్రం పొడిపొడిగా, అంచులు మాడీమాడకుండా చేస్తాడు. చేసేవాడు అనాలి.

నేను వాళ్ళ కింది వాటాలో ఉంటాను. ఈ సంగతి శేషసాయి కొంత చెప్పాడు, ఆయన భార్య కోమలి కొంత చెప్పింది, మిగిలింది ఆయన తల్లి పద్మాక్షమ్మ చెప్పింది. ముగ్గురూ చెప్తూ చెప్తూ ఒకచోటికి వచ్చేసరికి ఆగిపోయి, ఎండల గురించో నీళ్ళ ట్యాంకరు గురించో మాట మార్చేవాళ్ళు. వాళ్ళంతట వాళ్ళు మళ్ళీ ఆ మాటకు వచ్చేదాకా నేను కూర్చునేవాణ్ణి.

శేషసాయి రేణిగుంట అవతల బండ్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాడు. బోల్టుల పెట్టె వచ్చినా, నూనె డబ్బా వచ్చినా, ఇదేమిటి, ఎక్కడిది, లోపల ఏముంది అని అడక్కుండా గేటు దాటనివ్వడు. "ఆ సామి పెండ్లి భోజనానికి పోయినా లడ్డును పగలగొట్టి సూసి తింటాడబ్బా" అని లారీ డ్రైవర్లు నవ్వుకుంటారు. ఆయన కూడా నవ్వుతాడు. ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగన్నం తప్ప క్యాంటీనులో టీ ఒక్కటే తాగుతాడు. నెమ్మదైన మనిషి. గొంతు పెంచగా నేను వినలేదు.

వాళ్ళమ్మది కార్వేటినగరం. భర్త పూతలపట్టు హైస్కూల్లో తెలుగు మాష్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక ఆమె కొడుకు దగ్గరికి తిరుపతి వచ్చేసింది. వాళ్ళు వైష్ణవులు. ఇంట్లో పెరుమాళ్ళు ఉన్నాడు, అంటే చిన్న పెట్టెలో సాలగ్రామాలు. పొద్దున్నే ఆయనకు పూజ, ఆ తర్వాత వండిందంతా ఆయనకు చూపించడం, ఆ తర్వాతే మనుషులు తినడం. చూపించనిది నోట్లో పడకూడదు. ఈ ఒక్క నియమం మీద పద్మాక్షమ్మ ఎనభై ఏళ్ళకు దగ్గరగా బతికింది. రైల్లో పోతే పులిహోరతో పాటు తాగే నీళ్ళు కూడా ఇంటివే. ఒకసారి చిత్తూరులో దగ్గరి బంధువుల పెళ్ళిలో సాంబారు వాసన చూసి, వెల్లుల్లి పడిందని తెలిసి, ఎవరినీ ఏమీ అనకుండా ఆకు మడిచి లేచి వెళ్ళిపోయింది. ఎందుకు లేచిందో పెళ్ళివారికి మర్నాడుగాని తెలియలేదట.

పోయిన వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని పోతూపోతూ రుచిని తీసుకుపోయింది. ఏది పెట్టినా సున్నం నాకినట్టుంది అనేది. మజ్జిగ రెండు గుటకలు, అంతే. చేతి గాజులు మోచేతిదాకా జారిపోతుంటే కోమలి దారం చుట్టి పెట్టింది. డాక్టరు ఇంటికి వచ్చి చూసి, "ఏది అడిగితే అది పెట్టండి, వద్దనకుండా. ఇంకా ఇట్లే ఉంటే ముక్కులో గొట్టం వేసి పాలు పంపాల్సి వస్తుంది" అన్నాడు.

మంచం మీదినుంచి ఆమె వినింది. "ముక్కుతో తినేది యాడన్నా ఉందా నాయనా? ఏనుగు గూడా ముక్కుతో అందుకుని నోట్లోనే పెట్టుకుంటుంది."

డాక్టరు నవ్వాడు. శేషసాయికి నవ్వు రాలేదు. ఆ రోజునుంచి ఆయనకు ఒకటే ధ్యాస: అమ్మ ఏదో ఒకటి తినాలి. తిరుచానూరు నుంచి చక్కెర పొంగలి వచ్చింది, పీలేరు నుంచి బంధువులు లేత చింతచిగురు పంపించారు, అత్తగారు చెప్పిన కొలతలన్నీ పట్టుకుని కోమలి మడి కట్టుకుని, వాళ్ళు సాత్తుముదు అనే చారు పెట్టింది. పద్మాక్షమ్మ చూసేది, వేలితో ముట్టుకునేది, పక్కకు నెట్టేది.

ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీకి హిరానో అని జపాను ఇంజనీరు వచ్చాడు, కొత్త మిషన్లు బిగించడానికి. ఒంటరి మనిషి. తిరుపతిలో ఫ్లాటు తీసుకున్నాడు. శేషసాయి ఆయనకు గ్యాసు సిలిండరు మాట్లాడిపెట్టాడు, రైతు బజారుకు తీసుకుపోయి కోసుగడ్డ ఎట్లా ఏరుకోవాలో చూపించాడు. క్యాబేజీని ఇక్కడ కోసుగడ్డ అంటారని చెబితే హిరానో ఆ మాటను నాలుగుసార్లు అనుకుని, దొరికిన ప్రతి కూరగాయలామెతోనూ "కోసుగడ్డ, కోసుగడ్డ" అని నవ్వేవాడట. అందుకు కృతజ్ఞతగా ఒక ఆదివారం భోజనానికి పిలిచాడు. శేషసాయి ఎన్ని సాకులు చెప్పినా వినలేదు.

అక్కడ మొదటిసారి చూశాడు ఆ వంట. ఇనప బాణలి పొగ వచ్చేదాకా కాగాలి. సన్నగా తరిగిన కోసుగడ్డ, క్యారెట్టు, బెంగుళూరు మిరపకాయ పెద్ద మంట మీద రెండు తిప్పులు తిప్పాలి, మెత్తబడకూడదు. అవి తీసి పక్కనపెట్టి, ఉడికించి ఆరబెట్టిన నూడుల్స్ బాణలికి అద్ది, కదపకుండా వదిలేయాలి. అడుగు ఎర్రబడ్డాకే తిప్పడం. చివర్లో సీసాలోంచి నల్లటి చిక్కటి పులుసు, నడిమధ్యన కాదు, బాణలి అంచు చుట్టూ పోయాలి. అది చుర్రుమని కాగి కిందికి జారేటప్పుడు వచ్చే వాసనే ఈ వంటకు ప్రాణం అన్నాడు హిరానో, వచ్చీరాని ఇంగ్లీషులో. "మీ కోసం మాంసం వేయలేదు."

శేషసాయి సీసా చేతిలోకి తీసుకున్నాడు. దానిమీద టమాటాలు, ఆపిల్ పండు, క్యారెట్టు, ఉల్లిగడ్డ బొమ్మలున్నాయి. అక్షరాలన్నీ జపానువి.

"ఇందులో ఉల్లి ఉందా?" అని అడిగాడు.

"ఉంది. కొంచెం."

అడిగింది అదొక్కటే. వైష్ణవుల ఇంట్లో పుట్టిన మనిషి ఒక కొత్త తిండిని చూస్తే నోటికి వచ్చే మొదటి ప్రశ్న అది, చివరి ప్రశ్న కూడా అదే. ఉల్లి, వెల్లుల్లి. అంతకు అవతల ఏదైనా ఉండొచ్చని వాళ్ళ ఊహకు రాదు. మాంసం వేయలేదని పెద్దమనిషి తనే చెప్పాడు కదా. ఎదుట కూర్చుని రెండు చేతులతో ప్లేటు అందిస్తున్న మనిషిని కాదనలేక, ఉల్లి తిన్న పాపం తనదే అనుకుని, శేషసాయి తిన్నాడు. బాగుంది. చాలా బాగుంది. ఇంటికి వచ్చి స్నానం చేశాడు.

కాని ఆ వాసన ముక్కును వదల్లేదు. తర్వాతి ఆదివారానికి ఒక చిన్న బాణలి, కరెంటు పొయ్యి కొన్నాడు. హిరానోను అడిగి ఒక సీసా తెచ్చుకున్నాడు. వంటింట్లోకి ఉల్లి రాకూడదు కాబట్టి వెనక బాల్కనీలో, వాషింగ్ మిషన్ పక్కన స్టూలు వేసి దుకాణం పెట్టాడు.

"ఉప్మా కలపను రాని మనిషి జపాను వంట చేస్తాడంట" అంది కోమలి గడపలో నిలబడి. "ఫైరింజను వాళ్ళకు ఫోన్ చేసి పెట్టుకునేదా?"

"నువ్వు లోపలికి పోవే. చూస్తే సరిగ్గా రాదు."

"నేను చూస్తేనా, పెరుమాళ్ళు చూస్తేనా?"

సీసా పులుసు బాణలి అంచున పడింది. బెల్లం పాకమూ చింతపండు పులుసూ కలిసి మాడినట్టు వాసన లేచింది. దాని అడుగున ఇంకేదో కూడా ఉంది, దానికి వాళ్ళ ఇంట్లో పేరు లేదు. ఆ వాసన హాలు దాటి అమ్మ పడుకున్న గదిలోకి పోయింది.

"ఒరే శేషూ!" లోపల్నుంచి పిలుపు వచ్చింది. "ఏందిరా ఆ వాసన?"

"ఏమీ లేదమ్మా. ఆఫీసులో ఒకాయన చెప్పినాడు, ఊరికే చేస్తా ఉండాను."

"ఇట్ల తే."

కోమలి, శేషసాయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్లేటు తీసుకుపోయి చూపించాడు. ఆమె తల ఎత్తి చూసి, "ఏందిరా ఇది, వానపాముల మాదిరి ఉండాది" అంది. తర్వాత ఇంట్లో అప్పటికి చాలా రోజులుగా ఎవరూ వినని మాట అంది. "నాకు ఆకలి అయితా ఉండాది."

శేషసాయి ప్లేటు వెనక్కి తీసుకున్నాడు. దాచడం ఆయనకు చేతకాలేదు. "అమ్మా, ఇది పెరుమాళ్ళకు చూపింది కాదు. బయట చేసింది. దీంట్లో ఉల్లి ఉండాది."

ఆమె కళ్ళు మూసుకుంది. "ఉల్లి... డాక్టరిచ్చే టానిక్కులో ఏముండాదో మనం చూసినామా? మందుకు దోషం లేదంటారు పెద్దోళ్ళు. మందని తింటా. పెట్టు."

తిన్నది. ఫోర్కు రాదు, వేళ్ళతోనే ఎత్తుకుని, పక్కన నిమ్మరసంలో ఊరిన మామిడల్లం ముక్క కొరుక్కుంటూ, ప్లేటులో సగం తిన్నది. తిని, "కారం లేదు గాని బాగుందిరా" అంది. కోమలి వంటింట్లోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శేషసాయి ఆ సాయంత్రమంతా ఉల్లి గురించి మథనపడ్డాడు. అమ్మ చేత ఉల్లి తినిపించానే అని, తినింది కదా అని. ఒకసారి సిగ్గు, ఒకసారి సంతోషం. ఉల్లిపాయంత సిగ్గే కదా, మోయొచ్చులే అనుకున్నాడు.

మర్నాడు కూడా అదే అడిగింది. ఆ మర్నాడూ. మజ్జిగ తాగడం మొదలుపెట్టింది. గోడకు ఆనుకుని కూర్చుంది. కోడలి మీద అరిచింది, పాలు పొంగించినావని. ఆ అరుపుకు కోమలి ఎంత సంతోషపడిందో కింద నాకు వినపడింది.

ఆ సంతోషాన్ని శేషసాయి హిరానోకు చెప్పాడు. చెప్పకుండా ఎట్లా ఉంటాడు? మా అమ్మ తిన్నది, మీ వంటే తిన్నది అని. హిరానో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకూ ఊళ్ళో ముసలి తల్లి ఉందట. మరుసటి రోజు స్టోర్సుకు వచ్చి, కాగితంలో చుట్టిన చిన్న పొట్లం రెండు చేతులతో పట్టుకుని తల వంచి ఇచ్చాడు.

"మీ అమ్మగారికి. మా ఊరినుంచి తెచ్చుకున్నవి. వడ్డించాక పైన చల్లండి. ముసలివాళ్ళకు బలం."

శేషసాయి విప్పి చూశాడు. రంపపు పొట్టులాగా పల్చటి తునకలు. "ఏమిటివి?" అని అడిగాడు, అలవాటుగా.

"చేప. ఎండబెట్టి చెక్కింది. భయపడకండి, కొత్త రుచి కాదు. ఆ సీసాలో ఉన్నదే ఇది. ఇది, ఇంకా ఆలిచిప్పల సారం. అందుకే మీ అమ్మగారికి నచ్చింది."

శేషసాయి ఆ పొట్లాన్ని రెండు చేతులతోనే పట్టుకుని ఉన్నాడు. థాంక్స్ చెప్పాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తనకు తెలియదు అంటాడు. ఎదుటి మనిషి అంత ప్రేమగా ఇస్తుంటే మొహం ఎట్లా ముడుచుకునేది? హిరానో వెళ్ళిపోయాక బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి, నోరు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, అద్దంలో చూసుకోకుండా బయటికి వచ్చాడు. ప్రతి పెట్టెనూ విప్పి చూసే మనిషి. సీసాలో ఏముందని అడగలేదు. ఉల్లి ఉందా అని అడిగాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి సీసా ముట్టలేదు. చింతపండు, టమాట, ఖర్జూరం కలిపి ఉడికించి, సోయా పోసి, అట్లాంటి నల్ల పులుసే తయారుచేశాడు. బాణలి అంచున పోశాడు. చుర్రుమంది. పద్మాక్షమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, ప్లేటు పక్కకు నెట్టింది.

"ఇది కాదురా."

"అదేనమ్మా."

"నాకు తెలీదా? చింతపండు పోసినావు. ఇది కాదు. దీంట్లో ప్రాణం లేదు."

మర్నాడు పాకం మార్చాడు. జీలకర్ర వేయించి వేశాడు, పుట్టగొడుగులు ఎండబెట్టినవి నానబెట్టి ఆ నీళ్ళు పోశాడు. ఆమె ముట్టుకుని వదిలేసింది. మజ్జిగ కూడా వద్దంది. మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం కోమలి బాల్కనీలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. అప్పటికి ఆమెకూ సంగతి తెలుసు.

"ఆ సీసాదే వేసి చేయండి."

"ఏం మాట్లాడతా ఉండావో తెలుస్తా ఉందా నీకు?"

"తెలుసు. ఆమెకు గొట్టం వేస్తారు, అదీ తెలుసు. ముక్కులో గొట్టంతో ఆమెను నేను చూడలేను. పాపం ఉంటే నాకు రానీ."

"పాపం నీకు రాదు కోమలీ. చేసేది నేను."

"అయితే శాస్త్రం తెలిసిన మీ సారంగపాణి బాబాయిని అడగండి. ఏదో ప్రాయశ్చిత్తం చెప్తాడు."

"చెప్తాడు. దాంతోపాటు తిరుచానూరు దాకా అందరికీ చెప్తాడు."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. శేషసాయి సీసా మూత తిప్పాడు. మొదటిసారి తెలియక చేశాడు, అది పొరపాటు. ఈసారి తెలిసి చేశాడు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో ఆ మూత తిప్పేటప్పుడు అరచేతికి తెలిసింది అప్పా, అన్నాడు నాతో. ఆ తర్వాత నీళ్ళ ట్యాంకరు ఈ వారం ఎందుకు రాలేదో మాట్లాడాడు.

పద్మాక్షమ్మ తిన్నది. "ఆఁ, ఇదీ" అంది. ఆ రోజు, తర్వాతి రోజు, ఆ తర్వాత కూడా. శేషసాయి ప్లేటు ఇచ్చి అక్కడ నిలబడేవాడు కాదు. ఆమె పిలిచి, "ఏమిరా, నేను తింటా ఉంటే పారిపోతావు? ఇంతకుముందు కూర్చుని చూసేవాడివి గదా" అనేది. పొద్దున పూజ చేసేవాడు గాని పెరుమాళ్ళ వైపు చూసేవాడు కాదు. పువ్వులు పెట్టెలో పెట్టి లేచేవాడు. ఆఫీసులో హిరానో ఎదురైతే దారి మార్చుకునేవాడు. ఆ మనిషి ఏ తప్పూ చేయలేదు, పైగా ఉపకారం చేశాడు, అయినా మొహం చూపించలేకపోయేవాడు. "మీ అమ్మగారు ఎట్లా ఉన్నారు? పైన చల్లారా?" అని ఆయన అడిగితే, "చల్లాను, బాగుందన్నది" అన్నాడు. అది ఇంకో సిగ్గు.

ఒక శనివారం పొద్దున శేషసాయి పూజ ముగించి లేచేసరికి వంటింట్లో కత్తిపీట చప్పుడు వినిపించింది. కోమలి బయట ముగ్గు వేస్తోంది. మరి లోపల ఎవరు? తొంగిచూశాడు. పద్మాక్షమ్మ. తలస్నానం చేసి, మడిచీర కట్టుకుని, గోడ పట్టుకుని ఎట్లా వచ్చిందో వచ్చి, పీట మీద కూర్చుని కోసుగడ్డ తరుగుతోంది. చేతులు వణుకుతున్నాయి గాని తరుగు మాత్రం సన్నగా, దారాల్లాగా పడుతోంది.

"అమ్మా! నువ్వు ఎందుకు లేచినావు?"

"లేచినా. ఏమయింది? రా, అట్ల గడపకు అవతల కూర్చో. ఎట్ల చేసేదో వరసగా చెప్పు. నేను చేస్తా."

"ఏమిటికమ్మా?"

"ఏమిటికేందిరా! ఈ పుట్టుకలో ఆయనకు చూపకుండా ఒక మెతుకు తినింది లేదు. మందని చెప్పుకుని ఇన్నాళ్ళు తిన్నా. నన్ను మంచం మీదినుంచి లేపింది అది. లేపిన దాన్ని ఆయనకు ఆరగింపు చేయకుండా ఎట్ల? దొంగతిండి మాదిరి ఎన్నాళ్ళు తినల్ల?" కత్తిపీట మీదినుంచి తల ఎత్తింది. మొహంలో వెలుగు ఉంది, జ్వరానికి ముందటి వెలుగు. "ఒక్కటే ఇబ్బంది. సీసాలో ఉల్లి ఉండాది అంటివి గదా. ఆ జపానాయన్ను అడుగు. ఉల్లి లేని సీసా దొరుకుతుందేమో కనుక్కో. ఆలస్యమైనా పర్వాలేదు. ఈ పొద్దుకు నువ్వు చేసినావే చింతపండుది, దాంతోనే చేసి చూపిస్తా."

శేషసాయి గడప అవతల కూర్చున్నాడు. ఉల్లి లేని సీసా. ఆయన అడిగిన ప్రశ్నే అమ్మ కూడా అడుగుతోంది. ఉల్లి ఒక్కటి తీసేస్తే చాలనుకుంటోంది. ఇప్పుడు సరేనంటే ఆ సీసా ఒకరోజు ఈ వంటింట్లోకి, ఆ పెట్టె ముందరికి వస్తుంది.

"అమ్మా, ఆ సీసాలో చేప ఉండాది."

"ఏమి?"

ఆమెకు వినపడలేదు. నిజంగానే వినపడలేదు. ఒకసారి చెప్పడానికి దమ్ము కూడగట్టుకున్నాడు, రెండోసారికి ఏమీ మిగల్లేదు. నేల చూస్తూ చెప్పాడు. "చేప. ఎండబెట్టిన చేప. సముద్రంలో ఆలిచిప్పలు ఉంటాయే, వాటి సారం గూడా."

కత్తిపీట ఆగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మధ్యలో. నువ్వు ఇది కాదురా అని నెట్టేస్తివే, ఆ రోజు. అందుకే సీసా మానేసి చింతపండుతో చేసినా."

"మళ్ళీ బాగుండిందే. మళ్ళీ తిన్నానే."

"అవునమ్మా. మళ్ళీ ఆ సీసాదే పోసినా."

"తెలిసీ."

"తెలిసే."

ముగ్గు చేతులతో కోమలి వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నేనే పెట్టమన్నా అత్తయ్యా. ఆయన వద్దన్నాడు."

"నువ్వు ఊరికే ఉండు."

తిడుతుందని శేషసాయి ఎదురుచూశాడు. తల బాదుకుంటుందనో, వాంతి చేసుకుంటుందనో, ఇల్లు విడిచి పోతాననో అనుకున్నాడు. తిట్టు పడితే కొంచెం తేలికయ్యేది. ఆమె తరిగిన కోసుగడ్డను ఒక పక్కకు పోగుచేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. తన చేతుల వైపే చూసుకుంటూ మాట్లాడింది.

"నువ్వు పెట్టినావు, సరే. తల్లి చచ్చిపోతుందని పెట్టినావు. నిన్ను నాలుగు తిట్టి వదిలేస్తా. నాకు రుచి ఎందుకయింది శేషూ?"

శేషసాయి తల ఎత్తాడు.

"అన్నం రుచి లేదు. సాత్తుముదు రుచి లేదు. ఆయనకు చూపిన పొంగలి రుచి లేదు. అదొక్కటి రుచయింది. ఎప్పుడు తెస్తావా అని గుమ్మం వైపు చూస్తా పడుకునేదాన్ని. ఈ నాలిక నాదేనా? ఎనభై ఏండ్లు కాపలా కాసినానే, కాసింది దేన్ని? ఇది పోయి నేనెవరికి చెప్పుకునేది?"

సిగ్గంతా తనదే అనుకున్నాడు శేషసాయి అన్నాళ్ళూ. మోసేది తనే, అమ్మకు తెలియనివ్వకుండా మోస్తున్నాననుకున్నాడు. ఇప్పుడు చూస్తే, తీసుకుపోయి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె గోడ పట్టుకుని లేచింది. పట్టుకోబోయిన కొడుకు చేతిని వద్దనలేదు, తీసుకోనూ లేదు. పోయి పడుకుంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ తినలేదు. కోమలి బాణలినీ కరెంటు పొయ్యినీ గోనెసంచిలో కట్టి ఎవరికో ఇచ్చేసింది. సీసాలోది శేషసాయి పోయి కాలువలో పోసి, ఖాళీ సీసాను చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడట, ఏ చెత్తబుట్టలో వేయాలో తెలియనట్టు.

మర్నాడు పొద్దున మా ఇంట్లో మాకు ఒకటి తక్కువయినట్టు అనిపించింది. కాసేపటికి తెలిసింది, పైన పూజ గంట మోగలేదు. నేను తిరుపతి వచ్చినప్పటినుంచి అది మోగని పొద్దు లేదు. ఏమయిందో చూద్దామని మెట్లెక్కితే వాళ్ళ తలుపు తెరిచే ఉంది. శేషసాయి స్నానం చేయకుండా, గడ్డం చేసుకోకుండా, హాల్లో నేలమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు గాని రమ్మనలేదు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

లోపలి గదిలోంచి పద్మాక్షమ్మ గొంతు వచ్చింది. నీరసంగా, కాని మాట స్పష్టంగానే ఉంది.

"ఏమిరా, గంట వినపడలేదే?"

"ఎట్ల చేసేదమ్మా? ఏ మొహం పెట్టుకుని పెట్టె తీసేది?"

"నిన్నటిదాకా తీసినావు గదా."

"నిన్నటిదాకా నీకు తెలీదు."

"ఆయనకు తెలీదా?"

వంటింటి తలుపు దగ్గర కోమలి కదలకుండా నిలబడింది.

"తెలిసినోడు ఊరికే ఉన్నాడు. ఏమీ తెలీని నాకు తెలిసిందని నువ్వు దాక్కుంటావా?" పద్మాక్షమ్మ కాసేపు దగ్గింది. "నువ్వూ తిన్నావు, నేనూ తిన్నా. ఇద్దరికీ మొహం చెల్లదు. ఒప్పుకున్నా. దానికి ఆయన్ను పస్తు పెట్టల్లనా? మన సిగ్గు మనది. ఆయన నిన్నటినుంచి తినలేదు. పో, పోయి నీళ్ళు పోసుకో. కోమలీ, ఏమి నిలబడుకుని చూస్తా ఉండావు? బియ్యం కడుగు. సాత్తుముదు పెట్టు, చాలు. ఇంకేమీ వద్దు."

కోమలి కదిలింది. శేషసాయి ఇంకా కూర్చునే ఉన్నాడు.

"ఒరే, వినపడిందా?"

"వినపడింది."

"తల ఎత్తబాకు, సరే. తల వంచుకునే చెయ్యి. చెయ్యి మాత్రం చెయ్యి."

నేను కిందికి వచ్చేశాను. బాగా పొద్దెక్కాక గంట మోగింది. రోజూ మోగినట్టు కాదు, తడబడుతూ, మధ్యలో ఒకసారి ఆగి మళ్ళీ.

తర్వాతి సంగతి కోమలి చెప్పింది. ఆరగింపు అయ్యాక గిన్నెలో అన్నం, చారు తీసుకుని శేషసాయి తల్లి దగ్గరికి వెళ్ళాడు. పెట్టబోతే వద్దంది, గిన్నె తన చేతికి తీసుకుంది. గోడకు ఆనుకుని కూర్చుని కలుపుకుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. మింగింది. మొహం చిట్లించింది.

"రుచి తెలుస్తా ఉందా అమ్మా?" అని అడిగాడు శేషసాయి.

"లేదు" అని, ఇంకో ముద్ద కలుపుకుంది.